వామాకు సరే, పసరు వద్దు
భిలాయి సెక్టర్ 7లో తెలుగువాళ్ల క్వార్టర్ అంటే పెరట్లో పాత రంగుడబ్బాలో ఓ వామాకు మొక్క ఉండాల్సిందే. పిల్లాడు ఖళ్లుఖళ్లుమంటే రెండాకులు పెనం మీద వెచ్చచేసి, పిండిన రసంలో తేనె కలిపి నాకిస్తారు (ఏడాది నిండని పసికందుకు మాత్రం తేనె వద్దు). అరగకపోతే చిటికెడు వాము, గ్లాసు వేణ్ణీళ్లు. 1959లో ఇక్కడి ఉక్కు కర్మాగారంలో మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగింది. ఆ కొలిమి పనికి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చినవాళ్లతోపాటే ఈ చిట్కాలూ వచ్చాయి. వీటితో నాకు పేచీ లేదు. పేచీ అల్లా పచ్చకామెర్లకు పసరు పోయించుకోవడంతోనే. సెక్టర్ 9లో అంత పెద్దాసుపత్రి పెట్టుకుని, కాలేయాన్ని పేరైనా చెప్పని ఆకుకి అప్పగించడమేమిటండీ! అలాగని పాతదంతా పారేయమనడం లేదు. 1937-39 మధ్య ఐర్లండ్‌లో 50,000 మందికి పైగా బడిపిల్లలు ఇంట్లో పెద్దల్ని అడిగి ఊరి కథలూ, నాటువైద్యాలూ నోటుపుస్తకాల్లోకి ఎక్కించారు. దురదాకు తగిలినచోట డాక్ ఆకు రుద్దడం వాళ్ల వామాకు వైద్యం. మన పిల్లలచేతా అలాగే రాయిద్దాం; తెలుగు రాయడం రాకపోతే హిందీలోనే రాయనివ్వండి. ఈ ఆదివారం మాత్రం మామ్మ పక్కన కూర్చోబెట్టండి.