నారు పోసినవాడు నీరు పోయకుంటే

2012 జూన్ 21 రాత్రి మయామీ నగరపు క్రీడామందిరంలో అమెరికా బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ ఫైనల్స్ ముగియవచ్చినవి. ఓడిపోతున్నది ఓక్లహోమా సిటీ థండర్ జట్టు. ఆట ఇక ముగుస్తుందనగా ఆ జట్టు యువకులు ముగ్గురు గీత వెలుపల నిలబడి, ఒకరి భుజాలపై ఒకరు చేతులు వేసుకొని, ఎదుటివారి సంబరాన్ని చూస్తూ ఉండిపోయినారు. కెవిన్ డ్యురాంట్‌కు, రస్సెల్ వెస్ట్‌బ్రూక్‌కు అప్పటికి ఇరవైమూడేళ్ళు. జేమ్స్ హార్డెన్‌కు ఇరవైరెండు. ఆ దృశ్యం అభిమానులకు దుఃఖం కంటె ధైర్యమే ఎక్కువ కలిగించినది. ఈ వయసులోనే ఇంతదూరం వచ్చినవారు మరుసటి ఏడు మరల రాకపోతారా అన్న ధైర్యమది.

ఆ మరుసటి ఏడు వారికి రానే లేదు. నాలుగు నెలలు గడిచినవి. కొత్త సీజను ఇంకా ఆరంభం కాకముందే, అక్టోబరు 27న, హార్డెన్‌ను హ్యూస్టన్ రాకెట్స్ జట్టుకు మార్పిడి చేసినారు. ముగ్గురిలో ఎవరికీ గాయం కాలేదు, ఎవరితోను ఎవరికీ కలహం లేదు. ఆ ముగ్గురినీ విడదీసినది జీతాల పట్టిక.

ఈ మార్పిడిని గూర్చి క్రీడాభిమానులు ఈనాటికీ వాదించుకొంటూనే ఉన్నారు. కొందరు యాజమాన్యాన్ని పిసినారి అన్నారు. కొందరు ఆటగాణ్ణి ఆశపోతు అన్నారు. అసలు దోషం ఇద్దరి కంటె ఎక్కువగా మూడవ చోట ఉన్నది. అది తెలియాలంటే జట్టు ఎట్లా పెరిగినదో, చట్టం ఎట్లా పని చేస్తుందో రెండూ చూడాలి.

థండర్ జట్టు పుట్టిల్లు ఓక్లహోమా కాదు. అది నలభై ఏళ్ళకు పైగా సియాటిల్ నగరంలో సూపర్‌సోనిక్స్ అనే పేరుతో ఆడినది. 1979లో అక్కడనే ఛాంపియన్‌షిప్ గెలిచినది. 2008లో యజమానులు దానిని ఓక్లహోమా సిటీకి తరలించినారు. న్యూయార్కు, లాస్ ఏంజెలెస్ వంటి మహానగరాల సరసన ఇది చిన్న ఊరే; 2020 జనాభా లెక్కలలో సుమారు 6,80,000 మంది. ఆ ఊరి పౌరులు అదే 2008లో, క్రీడామందిరాన్ని బాగుచేసుకొనడానికి తాము కొనే ప్రతి డాలరు సరుకు మీద ఒక సెంటు చొప్పున పదిహేను నెలలు పన్ను కట్టడానికి ఓటు వేసి ఒప్పుకొన్నారు. అనగా జట్టు రాకముందే వారు జట్టు కోసం చెల్లించడానికి సిద్ధపడినారు.

వచ్చిన జట్టు మొదటి ఏడు ఆడిన 82 ఆటలలో గెలిచినవి 23. అయినా ఎవరూ తొందరపడలేదు. అమెరికా లీగులో కొత్త ఆటగాళ్ళను ఏటేటా వరుసగా ఎంచుకొనే పద్ధతి ఒకటున్నది. దానిని డ్రాఫ్టు అంటారు. బాగా ఓడిన జట్లకు ముందుగా ఎంచుకొనే అవకాశం ఎక్కువ. ఆ విధంగా 2007లో డ్యురాంట్, 2008లో వెస్ట్‌బ్రూక్, ఇబాకా, 2009లో హార్డెన్ ఆ జట్టుకు వచ్చినారు. పేరుమోసిన వారిని సొమ్ము పోసి తెచ్చుకొనడం కాక, ఇరవై ఏళ్ళ కుర్రవాళ్ళను తెచ్చి, ఓటములు ఓర్చి, పెంచిన జట్టు ఇది. రెండవ ఏడు 50 ఆటలు గెలిచినది. నాలుగవ ఏడు ఫైనల్స్ చేరినది. ఆరవవాడుగా బల్ల మీదనుంచి లేచివచ్చి ఆడే హార్డెన్‌కు ఆ ఏడు లీగులోని ఉత్తమ ఆరవ ఆటగాడి బహుమానం లభించినది.

ఇక చట్టం మాట. లీగులో ప్రతి జట్టు జీతాలకు ఒక హద్దు ఉన్నది. దానికి పైన మరొక గీత ఉన్నది. 2012-13 సీజనుకు ఆ గీత సుమారు 7 కోట్ల 3 లక్షల డాలర్లు. దానిని దాటిన జట్టు లీగుకు లగ్జరీ టాక్సు, అనగా విలాసపు పన్ను, కట్టాలి. అంతవరకు ఎంత దాటితే అంతే పన్ను. 2011లో యజమానులకు, ఆటగాళ్ళకు కుదిరిన కొత్త ఒప్పందం ప్రకారం 2013-14 నుంచి పన్ను మెట్లు మెట్లుగా పెరిగినది. మొదటి 50 లక్షలకు డాలరుకు ఒకటిన్నర. రెండవ 50 లక్షలకు ఒకటి ముప్పాతిక. మూడవ 50 లక్షలకు రెండున్నర. బడి పిల్లవాడు సైతం ఈ లెక్క కట్టగలడు. గీతను ఒక కోటి దాటితే పన్ను కోటీ అరవైరెండున్నర లక్షలు. కోటిన్నర దాటితే రెండు కోట్ల ఎనభైఏడున్నర లక్షలు. ఏటేటా దాటేవారికి ఆపైన మరొక వడ్డింపు. ఒక్క ఆటగాడికి ఇచ్చే జీతం యజమానికి రెండింతలో మూడింతలో అయి కూర్చుంటుంది.

ఈ లెక్క ముందుంచుకొని థండర్ జనరల్ మేనేజరు సామ్ ప్రెస్టి హార్డెన్‌తో బేరమాడినాడు. డ్యురాంట్, వెస్ట్‌బ్రూక్‌లకు అప్పటికే పెద్ద ఒప్పందాలు అయిపోయినవి. ఆగస్టులో ఇబాకాకు కూడ అయినది. నాలుగేళ్ళకు చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం సుమారు ఆరు కోట్ల డాలర్లు. జట్టు ఇవ్వజూపినదానికీ దానికీ తేడా అరకోటి డాలర్ల చుట్టుపక్కల ఉన్నదని ఆనాటి పత్రికలు వ్రాసినవి. నాలుగేళ్ళమీద పంచితే అది ఏటికి కోటిలో ఎనిమిదవ వంతు. ఆ తేడా దగ్గర బేరం తెగినది. హార్డెన్‌కు బదులుగా కెవిన్ మార్టిన్, జెరెమీ లాంబ్ అనే ఇద్దరు ఆటగాళ్ళు, ముందు ఏండ్ల డ్రాఫ్టులలో ఎంచుకొనే హక్కులు కొన్ని వచ్చినవి. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న సామెత ఆ హక్కులను చూచే పుట్టినదా అనిపిస్తుంది. ఎవరిని ఎంచుకొంటారో, అతడు ఆడగలడో లేడో అప్పటికి ఎవరికీ తెలియదు.

హార్డెన్ హ్యూస్టన్ తరఫున ఆడిన తొలి ఆటలోనే 37 పాయింట్లు, రెండవ ఆటలో 45 సాధించినాడు. 2018లో లీగు ఉత్తమ ఆటగాడైనాడు. అంతకు ముందే 2014లో డ్యురాంట్, 2017లో వెస్ట్‌బ్రూక్ ఆ గౌరవం పొందినారు. ఒకే ఇంట పెరిగి, ముగ్గురూ ఆ శిఖరం ఎక్కినారు. ఒకే ఇంట ఉండి మాత్రం కాదు.

థండర్ మాత్రం వెంటనే కూలిపోలేదు. 2012-13లో 60 ఆటలు గెలిచినది. కాని ప్లేఆఫ్స్ వేరు. అక్కడ ఒక్క మోకాలు ఏడాది శ్రమను తారుమారు చేయగలదు. ఆ వసంతంలో తొలి దశ పోటీలో ఎదురైనది హార్డెన్ ఉన్న హ్యూస్టనే. ఆ పోటీలోనే, అంతవరకు ఒక్క ఆటయినా మానని వెస్ట్‌బ్రూక్ మోకాలు దెబ్బతిన్నది. హ్యూస్టన్‌ను దాటినా తరువాతి దశలో థండర్ మెంఫిస్ చేతిలో ఓడినది. 2016లో గోల్డెన్ స్టేట్ వారియర్స్ మీద మూడు ఆటలకు ఒకటిగా ముందుండి కూడ, ఏడు ఆటల పోటీని చేజార్చుకొన్నది. సొంత ఊరిలో జరిగిన ఆరవ ఆటలో క్లే థామ్సన్ మూడేసి పాయింట్ల బంతులు పదకొండు వేసి ఆశను లాగివేసినాడు. ఆ జూలై 4న డ్యురాంట్ తనను ఓడించిన ఆ జట్టులోనే చేరుతున్నట్టు ప్రకటించినాడు. 2012 తరువాత థండర్ మరల ఫైనల్స్ చూడడానికి పదమూడేళ్ళు పట్టినది.

హార్డెన్ ఉంటే ఛాంపియన్‌షిప్ తప్పక వచ్చేదా? అట్లా అనడం న్యాయం కాదు. ఆటలో పూచీకత్తు లేదు. అయినా మోకాలు దెబ్బతిన్ననాడు ఆడడానికి మరొక గొప్పవాడు ఇంట ఉండడం, లేకపోవడం ఒకటి కాదు. యాజమాన్యం పక్షాన చెప్పవలసిన మాట కూడ ఉన్నది. చిన్న ఊరి జట్టుకు మహానగరాల జట్ల వంటి టెలివిజన్ ఆదాయం లేదు. పైగా ఆనాడు అట్టేపెట్టుకొన్న ఇబాకా వృథా పోలేదు. 2016లో అతనికి మారుగా వచ్చినవారిలో ఇద్దరిని, ఒలాడిపో, సబోనిస్‌లను, 2017లో ఇండియానా పేసర్స్‌కు ఇచ్చి పాల్ జార్జ్‌ను తెచ్చుకొన్నారు. 2019లో జార్జ్‌ను క్లిప్పర్స్‌కు ఇచ్చి షే గిల్జస్-అలెగ్జాండర్‌ను, అయిదు తొలివరుస డ్రాఫ్టు హక్కులను పొందినారు. ఆ హక్కులలో ఒకదానితోనే 2022లో జేలెన్ విలియమ్స్ వచ్చినాడు. సోమలింగం ఈసారి నిజంగానే పుట్టినాడు. ప్రెస్టి లెక్క తెలియనివాడు కాదని ఇది చాలినంత సాక్ష్యం.

అట్లా అయితే దోషమెక్కడ? నాటినవాడికి, కొన్నవాడికి ఒకే పన్ను వేసిన చట్టంలో ఉన్నది. విలాసపు పన్ను పుట్టినది ధనిక నగరాలను అదుపులో పెట్టడానికి. సొమ్మున్నవాడు గొప్పవాళ్ళనందరినీ కొని ఒకచోట పోగుచేయకూడదన్న ధర్మం అందులో ఉన్నది. అది మంచి ధర్మమే. కాని బయటివాళ్ళను కొని తెచ్చిన జట్టూ, కుర్రవాళ్ళను పెంచుకొన్న జట్టూ ఆ చట్టం ముందు ఒకటే. సొంత ఆటగాణ్ణి జీతాల హద్దు దాటి అయినా నిలుపుకొనవచ్చునని లారీ బర్డ్ పేరిట ఒక మినహాయింపు ఉన్న మాట నిజం. అయితే నిలుపుకొన్న తరువాత పన్ను తప్పదు. ఒక చేత్తో పెట్టి, మరొక చేత్తో లాగుకొన్నట్టున్నది.

ఫలితం చూడండి. స్టెఫెన్ కరీ, థామ్సన్, డ్రేమాండ్ గ్రీన్‌లను వారియర్స్ కూడ డ్రాఫ్టులోనే ఎంచుకొని పెంచినది. ఆ ముగ్గురూ విడిపోకుండానే 2022లో మరొక ఛాంపియన్‌షిప్ తెచ్చినారు. ఆ ఏడు ఆ జట్టు కట్టిన పన్ను, ఇచ్చిన జీతాలకు ఇంచుమించు సమానంగా, సుమారు 17 కోట్ల డాలర్లు. శాన్ ఫ్రాన్సిస్కోలో కొత్త క్రీడామందిరం ఉన్న జట్టు కనుక కట్టగలిగినది. అనగా ధనికుణ్ణి ఆపవలసిన చట్టం ధనికుణ్ణి ఆపలేదు. చిన్న ఊరినే ఆపినది. 2023లో వచ్చిన ఒప్పందం ఇంకొక గీత చేర్చినది. దానిని దాటితే సొమ్ముతో తీరదు. ఇద్దరి జీతాలు కలిపి ఒకరిని మార్పిడిలో తెచ్చుకొనే వీలు పోతుంది, ఏడేళ్ళ తరువాతి డ్రాఫ్టు హక్కు సైతం స్తంభించిపోతుంది. 2024లో ఛాంపియన్ అయిన బోస్టన్ జట్టు 2025 వేసవిలో హాలిడే, పోర్జింగిస్‌లను వదులుకొన్నది ఈ గీత కిందికి దిగడానికే.

దీనికి మందు లేకపోలేదు. తొలి ఒప్పంద కాలమంతా ఒక జట్టులోనే పెరిగిన ఆటగాడిని ఆ జట్టు నిలుపుకొంటే, అతని జీతంలో సగమే పన్ను లెక్కకు ఎక్కాలి. అదృష్టం కలిసివచ్చిన జట్టు పదేళ్ళు పాతుకొనిపోదా అని ఎవరైనా అడగవచ్చును. మిగిలిన సగం లెక్కకు వస్తూనే ఉంటుంది. ఆటగాడు తన ఇష్టం కొద్దీ వెళ్ళిపోయే స్వేచ్ఛ ఉండనే ఉన్నది. డ్యురాంట్ చేసినది అదే. చట్టం ఎవరినీ కట్టివేయనక్కరలేదు. కలిసి ఉండదలచినవారిని వేరు చేయకుంటే చాలును.

ఈ మాట ఆటగాళ్ళ కంటె ఊరి ప్రజల కోసం చెప్పవలసి ఉన్నది. 2023 డిసెంబరులో ఓక్లహోమా సిటీ పౌరులు మరల ఓటు వేసినారు. కనీసం 90 కోట్ల డాలర్ల ఖర్చుతో కొత్త క్రీడామందిరం కట్టడానికి 72 నెలలపాటు డాలరుకు ఒక సెంటు పన్ను తమపై తామే వేసుకొన్నారు. అందులో జట్టు యజమానుల వంతు 5 కోట్లు. ఆట చూచే స్తోమత లేని ఇల్లాలు కూడ సరుకులు కొన్నప్పుడెల్లా ఆ సెంటు చెల్లిస్తుంది. ఆమె కట్టే పన్నుకు విలాసమన్న పేరు లేదు, మినహాయింపూ లేదు. యజమానులు తమ పన్ను భారాన్ని గూర్చి మాట్లాడేటప్పుడు ఆమె కట్టే పన్నును కూడ లెక్కలో చేర్చుకొనడం ధర్మం.

2025 జూన్ 22న, ఇండియానాపై ఏడవ ఆటలో గెలిచి, థండర్ ఓక్లహోమాకు తొలి ఛాంపియన్‌షిప్ తెచ్చినది. జట్టును నడిపినవారు మరల ముగ్గురు యువకులే: షే, జేలెన్ విలియమ్స్, చెట్ హోమ్‌గ్రెన్. ఆ జూలైలోనే యాజమాన్యం ముగ్గురితోను ఒప్పందాలు చేసుకొన్నది. షేకు నాలుగేళ్ళకు సుమారు 28 కోట్ల 50 లక్షల డాలర్లు. తక్కిన ఇద్దరికి అయిదేళ్ళకు ఒక్కొక్కరికి సుమారు 24 కోట్లు, షరతులు నెరవేరితే అంతకు మించి. 2012లో చేయనిది 2025లో చేసినారు. ఇది మెచ్చుకొనదగిన పని.

అయితే ఆ ఇద్దరి కొత్త జీతాలు లెక్కకు వచ్చేది 2026-27 నుంచి; షే కొత్త జీతం ఆ మరుసటి ఏడు నుంచి. సంతకం చేసిననాడు గీత కనబడదు, చెల్లించేనాడు కనబడుతుంది. నారు పోసినవాడు నీరు పోయడా అని పెద్దలు నమ్మకంగా అడిగినారు. ఓక్లహోమాలో నారు పోసినది యజమానులు మాత్రమే కాదు. సెంటు సెంటుగా ఊరంతా పోసినది. నీరు పోసే వంతు వచ్చినప్పుడు యజమానులు వెనుదీయకూడదు. పోసినవానికి జరిమానా వేసే చట్టాన్ని లీగు మార్చుకోవాలి.