కుండను అడిగి చొక్కా కొనండి

వేసవి వచ్చిందంటే మన ఇళ్లలో ఒక మూల ఇసుక పోసి, దాని మీద కొత్త కుండ పెడతారు. ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా సరే, కుండనీళ్లకున్న రుచి వేరనే తాతయ్యలూ, బామ్మలూ ఇంకా ఉన్నారు. ఆ కుండ నీళ్లు చల్లబరచటమే కాదు, సరిగా అడిగితే మంచి సలహా కూడా చెబుతుంది. అదేమిటో ఈ నెల తెలుసుకుందాం.

ఈ మధ్య బజారులోకి కూలింగ్ వెస్ట్ అనే వస్తువు ఒకటి వచ్చింది. అది చేతులు లేని కోటులాగా ఉంటుంది. తొడుక్కుంటే ఒళ్లు చల్లగా ఉంటుందని అమ్మేవాళ్లు చెబుతారు. మనం దాన్ని చలువచొక్కా అందాం. ఎండలో కష్టపడేవాళ్లకు అది మంచి వస్తువే. కాని ఒక ఊళ్లో హాయినిచ్చిన చొక్కా మరొక ఊళ్లో బరువు చేటు కావచ్చు.

అనంతపురంలో ఉండే ఒకాయన చలువచొక్కా కొన్నాడనుకోండి. దాన్ని నీళ్లలో ముంచి, పిండి, తొడుక్కోవాలి. ఆయనకు ప్రాణం లేచివచ్చినట్టయింది. వెంటనే అలాంటిదే మరొకటి కొని అమలాపురంలో ఉన్న బావగారికి పంపాడు. బావగారు దాన్ని తొడుక్కుని దాళ్వా కోతలు చూడటానికి చేలోకి వెళ్లాడు. గంట తిరగకుండానే ఇంటికి వచ్చి ఫోను చేశాడు.

“ఏమోయ్ బావా! నువ్వు పంపింది చలువచొక్కానా, తడిగోనెసంచా? ఒళ్లంతా ఉడికిపోయింది!”

“అదేమిటి బావా! నాకు ఇక్కడ ఏసీ గదిలో కూర్చున్నట్టుంటేనూ!”

ఇద్దరూ నిజమే చెప్పారు. చొక్కాలో కూడా లోపం లేదు. మరి తేడా ఎక్కడ వచ్చింది? గాలిలో వచ్చింది.

మన ఒంటి వేడి సుమారు 37 డిగ్రీల సెంటిగ్రేడు. ఎండాకాలంలో అయినా, చలికాలంలో అయినా అది అంతే ఉండాలి. పని చేసేకొద్దీ ఒంట్లో వేడి పుడుతుంది. ఆ వేడి బయటికి పోవాలి. అందుకు చెమట పడుతుంది. అయితే చెమట పట్టినంత మాత్రాన ఒళ్లు చల్లబడదు; అది ఆరాలి. ఒక గ్రాము చెమట ఆవిరి అయేటప్పుడు ఒంటినుంచి సుమారు 580 కేలరీల వేడి తీసుకుపోతుంది. ఒక గ్రాము నీటిని గడ్డకట్టే స్థితినుంచి మరిగే దాకా వేడి చెయ్యటానికి 100 కేలరీలు చాలు. దీన్నిబట్టి చెమట ఆరటం ఎంత గొప్ప పనో చూడండి!

కుండ చేసేదీ ఇదే. దానికి కంటికి కనిపించని రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు బయటికి ఊరి, ఆవిరి అవుతూ, లోపలి నీటి వేడిని పట్టుకుపోతుంది. వట్టివేళ్ల తడికలు, ఎయిర్ కూలరు, నీళ్లలో ముంచి తొడిగే చలువచొక్కా — ఇవన్నీ కుండకు చుట్టాలే.

అయితే గాలి ఎంత ఆవిరినైనా పుచ్చుకోలేదు. ధాన్యపు గాదెలాగా దానికీ ఒక హద్దు ఉన్నది. అనంతపురం గాలిలో గాదె చాలావరకు ఖాళీ. గోదావరి డెల్టా సంగతి వేరు. 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి అయింది. అప్పటినుంచి కాలవలు ఊరూరా పారుతున్నాయి. వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, పక్కనే సముద్రం! ఇన్ని నీళ్ల మధ్య గాలిలో గాదె సగానికి పైగా నిండే ఉంటుంది. ఇక చెమట ఎక్కడికి పోతుంది? ఒంటిమీదనే కారుతుంది. దీన్నే మనం ఉక్కపోత అంటాం.

లెక్క చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది. గాలి వేడి 42 డిగ్రీలుండి, గాలిలో తేమ 20 శాతమే ఉంటే, తడిగుడ్డ సుమారు 24 డిగ్రీల దాకా చల్లబడగలదు. అంటే 18 డిగ్రీల లాభం. గాలి వేడి 36 డిగ్రీలే ఉండి, తేమ 65 శాతం ఉంటే, అదే గుడ్డ 30 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. లాభం 6 డిగ్రీలే. పైగా మందపాటి తడిచొక్కా ఒంటిని కప్పేసి, ఆరవలసిన ఆ కాస్త చెమటను కూడా ఆరనివ్వదు. అమలాపురం బావగారు ఉడికిపోవటానికి కారణం ఇదే.

మరి డెల్టావాళ్లు ఏ చొక్కా కొనాలి? గాలితో సంబంధం లేకుండా వేడిని పీల్చుకునేది కావాలి. అలాంటివీ ఉన్నాయి. ఒక రకం చొక్కా జేబుల్లో మంచుపొట్లాలు పెడతారు. మరొక రకంలో మైనంలాంటి పదార్థం ఉంటుంది. అది 21 డిగ్రీల దగ్గరో, 28 డిగ్రీల దగ్గరో కరిగేటట్టు తయారుచేస్తారు. మంచు కరిగేటప్పుడూ, ఆ మైనం కరిగేటప్పుడూ ఒంటి వేడిని పీల్చుకుంటాయి. గాలిలో తేమ ఎంత ఉన్నా వాటికి లక్ష్యం లేదు.

చంద్రుడిమీదికి వెళ్లినవాళ్లు కూడా చెమటను నమ్ముకోలేదు. 1969 జులైలో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడిమీద నడిచినప్పుడు, వాళ్ల దుస్తుల లోపల సన్నటి గొట్టాలు కుట్టిన బట్ట ఉన్నది. ఆ గొట్టాల్లో చన్నీళ్లు తిరుగుతూ, ఒంటి వేడిని వీపున ఉన్న పెట్టెలోకి చేరవేసేవి. నాలుగువైపులా మూసిన దుస్తుల్లో చెమట ఆరదు కదా!

అయితే మంచుచొక్కాకూ హద్దు ఉన్నది. రెండు కిలోల మంచు కరగటానికి 160 కిలోకేలరీల వేడి పడుతుంది. ఒళ్లు వంచి పనిచేసే మనిషికి గంటకు 300 కిలోకేలరీల దాకా వేడి పుట్టవచ్చు. అందుచేత అది రోజంతా కాపాడదు. పొట్లాలు మారుస్తూ ఉండాలి. కరిగిన వాటిని మళ్లీ గడ్డకట్టించటానికి దగ్గరలో ఫ్రిజ్ ఉన్నదా, కరెంటు ఉంటుందా అని ముందే చూసుకోవాలి. మంచు నేరుగా చర్మానికి తగలకూడదు. లోపల బనీను ఉండాలి. బరువు కూడా చూడాలి. కొబ్బరిచెట్టు ఎక్కేవాడికి రెండు కిలోలంటే తక్కువ కాదు.

జపానులో చిన్న ఫ్యాన్లు అమర్చిన చొక్కాలు కూడా వాడుతున్నారు. అవి చొక్కాలోకి గాలి తోసి చెమట ఆరటానికి సాయపడతాయి. ఉక్కపోతలో ఇవి కొంతవరకు నయమే. కాని బయటి గాలి ఒంటికన్నా వేడిగా ఉన్న రోజున, ముఖ్యంగా చెమట సరిగా పట్టనివాళ్లకు, అవి వేడిగాలినే ఒంటికి కొడతాయి.

ఇంకొక చిక్కున్నది. రాజమహేంద్రవరం వంటి చోట్ల గాలి ఒక్కలాగా ఉండదు. పడమటినుంచి వడగాడ్పు వీచిన మధ్యాహ్నం గాలి ఎండిపోతుంది. అప్పుడు నీటిచొక్కా కూడా పనిచేస్తుంది. గాలి తిరిగి సముద్రంవైపునుంచి వస్తే మళ్లీ ఉక్కపోత. కనక జిల్లా పేరు చూసి చొక్కా కొంటే లాభం లేదు. మనం పనిచేసే చోట, పనిచేసే వేళ గాలి ఎలా ఉన్నదో చూడాలి.

అది ఎలా తెలుస్తుంది? ఇక్కడే కుండను అడగాలి. ఎండాకాలం మధ్యాహ్నం కుండనీళ్లు జిల్లుమంటే మీ గాలి పొడిగాలి, నీటిచొక్కా చాలు. కుండనీళ్లు పేరుకు మాత్రమే చల్లగా ఉంటే దాన్ని నమ్ముకోవద్దు. లెక్క కావాలంటే రెండు థర్మామీటర్లు తీసుకోండి. గోడకు తగిలించే రకం కావాలి. జ్వరం చూసేది పనికిరాదు. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుట్టండి. రెంటినీ నీడలో పెట్టి, తడిగుడ్డకు పది నిమిషాలు విసనకర్రతో విసరండి. రెంటికీ పదిడిగ్రీలకు పైగా తేడా ఉంటే నీటిచొక్కా బాగా పనిచేస్తుంది. ఐదారు డిగ్రీలే ఉంటే మంచుచొక్కానో, మైనపుచొక్కానో చూసుకోవాలి. గాజు పగలవచ్చు గనక పెద్దవాళ్లను దగ్గర ఉంచుకోండి.

ఇది ఆటకోసం చెప్పిన మాట కాదు. 2003 వేసవిలో ఒకసారి, 2015 వేసవిలో మరొకసారి, ఆంధ్రదేశంలో ఎండదెబ్బకు వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఏ చలువచొక్కా తొడిగినా నీడ, నీళ్లు, విశ్రాంతి మానరాదు. చొక్కా ఉన్నదికదా అని మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబడితే ఆ ధైర్యమే చేటు తెస్తుంది. పని పొద్దున్నే ముగించుకోవటం అన్ని చొక్కాలకన్నా మేలు. ఎవరైనా ఎండలో తడబడుతూ, పొంతన లేకుండా మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ ఉంటే, వెంటనే 108కి ఫోను చెయ్యాలి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోసి విసరాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకూడదు.

మీ నాన్నగారో, మామయ్యో ఎండలో పనిచేసేవారైతే, చలువచొక్కా కొనబోయేముందు ఈ ప్రయోగం చేసి లెక్క చూపించండి. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, వారం రోజులపాటు కాగితంమీద రాసి పెట్టండి. అంగడివాడు ఏ ఊళ్లో అయినా ఒకే మాట చెబుతాడు. మీ ఊరి గాలి సంగతి మీ ఇంటి కుండకే తెలుసు.