ఒళ్ళు మాది, చదువు మీదా?



డాక్టరు చదువు పుస్తకంతో అయిపోదు. ఎంబీబీఎస్ పిల్లలు రెండో ఏడు నుంచీ వార్డుల్లో తిరగాలి. కొన్ని వారాలు జ్వరాల వార్డు, కొన్ని వారాలు ఆపరేషన్ల వార్డు, ఆ తర్వాత కాన్పులు, పసిపిల్లలు. ఈ వంతుల తిరుగుడునే క్లినికల్ పోస్టింగు అంటారు. నాలుగున్నరేళ్లయ్యాక ఇంకో ఏడాది హౌస్ సర్జనుగా అదే తిరుగుడు. కడుపు తడిమి చూడడం, సూది గుచ్చడం, కాన్పు చెయ్యడం అక్కడే చేతికి అబ్బుతాయి.

మరి ఎవరి కడుపు తడిమి నేర్చుకుంటున్నారు? ఏసీ గదిలో పడుకున్న షావుకారు కడుపా? సర్కారు ఆసుపత్రి జనరల్ వార్డులో పడున్న మాల మాదిగల కడుపు, గదబల పోర్జల కడుపు! విశాఖలో ఆంధ్ర మెడికల్ కాలేజీ 1923లో పుట్టింది. నూరేళ్లు దాటింది. దాని పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి మన ఏజెన్సీ రోగులు దిగుతూనే ఉన్నారు. మన ఒళ్ళే వాళ్ల పలక. ఆ పలక మీద దిద్దుకున్నవాళ్లలో ఎందరు తిరిగి కొండెక్కారు?

ముంచింగిపుట్టుకి ఈ లెక్క కొత్త కాదు. మాచ్‌ఖండ్ నీళ్ల మీద 1955లో కరెంటు పుట్టింది. జలాపుట్ డ్యాములో ఊళ్లు మునిగింది ఇక్కడి జనానివి, దీపాలు వెలిగింది మైదానంలో. కరెంటు దిగడానికి తీగలు వేశారు. డాక్టరు ఎక్కడానికి మాత్రం దారి దొరకలేదట!

కాగితాల మీద కరువు లేదు. వైద్య విద్యార్థికి మూడు నెలలు సామాజిక వైద్యంలో తర్ఫీదు ఉండాలని భోర్ కమిటీ 1946లోనే చెప్పింది. ఒక్కో మెడికల్ కాలేజీ మూడేసి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను చూసుకోవాలని 1977లో రోమ్ పథకం పెట్టారు. పీజీలు మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచెయ్యాలని 2020లో రాశారు. హౌస్ సర్జన్లకు సామాజిక వైద్యం కింద 12 వారాలని 2021లో రాశారు. 2022లో ఇంకోటి తెచ్చారు, విద్యార్థులు పల్లె కుటుంబాలను దత్తత తీసుకోవాలట. దత్తత! మేమేమన్నా అనాథలమా? మాకు కావలసింది డాక్టరు గానీ పెంపుడు తండ్రి కాదు.

కొండమీద నేర్చుకోవడానికి ఏముంది, సౌకర్యాలు లేవు, చదువు చెడుతుంది అంటారు పెద్దలు. సికిల్‌సెల్ బిడ్డ కీళ్ల నొప్పులతో గుక్కపట్టి ఏడుస్తుంటే ‘రక్తం తక్కువ, ఐరన్ మాత్ర వెయ్యి’ అని పంపేసే డాక్టరు ఎక్కడ తయారయ్యాడు? అలాంటి బిడ్డ కనపడని చోట తయారయ్యాడు. ఆ జబ్బును 2047కల్లా లేకుండా చేస్తామని కేంద్రం 2023 జూలై 1న మిషన్ మొదలుపెట్టింది. గుర్తుపట్టే కళ్లు లేకుండా ఏ మిషన్ ఏం చేస్తుంది? డోలీ దిగిన గర్భిణికి నెత్తురు పోతోంది. స్కానింగు లేదు, పక్కన నలుగురు పీజీలు లేరు. అప్పుడు ముందు ఏం చెయ్యాలి? ఈ పాఠం పట్నం వార్డులో దొరకదు. కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో ‘నొప్పెక్కడమ్మా’ అని అడగడం చేతకాకపోతే మెడలో స్టెతస్కోపు ఉండి ఏం లాభం?

2024లో పాడేరులో ప్రభుత్వ మెడికల్ కాలేజీ 50 సీట్లతో మొదలైంది. మంచిదే. కానీ దాని మొదటి బ్యాచి హౌస్ సర్జన్లు అయ్యేసరికి 2029 వస్తుంది. ఇప్పుడే అడగకపోతే పోస్టింగులన్నీ పాడేరు గేటు దగ్గరే ఆగిపోతాయి.

ఒక మాట గట్టిగా చెప్పుకోవాలి. కుర్ర హౌస్ సర్జన్ని ఒంటరిగా పంపి ‘ఇదిగో మీ డాక్టరు’ అంటే ఒప్పుకోవద్దు. పట్నంలో పలక అయ్యాం, కొండమీద కూడా పలక కావాలా? నేర్చుకునే చెయ్యి పక్కన నేర్పే చెయ్యి ఉండి తీరాలి.

మన పిల్లలు ఆ వార్డుల్లోకి పోతే ఏమవుతోంది? ఢిల్లీ ఎయిమ్స్‌లో ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల మీద వివక్ష ఉందని థోరట్ కమిటీ 2007లో తేల్చింది. ఆదివాసీ పీజీ డాక్టరు పాయల్ తడ్వి 2019 మే 22న ముంబైలో ప్రాణం తీసుకుంది. సీనియర్లు కులం పేరుతో వేధించారని కేసు పెట్టారు. రాత పరీక్షలో పేపరుకి నంబరే ఉంటుంది. వార్డులో మొహం ఉంటుంది, ఇంటిపేరు ఉంటుంది. డ్యూటీలు వేసేదీ వాళ్లే, వైవా మార్కులు వేసేదీ వాళ్లే.

కాబట్టి మన డిమాండ్లు ఇవి:

1. పాడేరు, విశాఖ కాలేజీల పోస్టింగు పట్టికలో ముంచింగిపుట్టు మండలం ఆసుపత్రుల పేర్లు రాతలో ఉండాలి.
2. ప్రతి జట్టుతో పాఠం చెప్పే డాక్టరు వచ్చి ఇక్కడే ఉండాలి. ఉండడానికి ఇళ్లు కట్టాలి.
3. మన భాషలు నేర్పే పనిని మన చదువుకున్న పిల్లలకు జీతమిచ్చి అప్పగించాలి.
4. ‘నేను ఇంకా నేర్చుకుంటున్నాను, చూడొచ్చా’ అని అడిగాకే రోగిని ముట్టుకోవాలి.
5. డ్యూటీల్లో, వైవాల్లో వివక్ష మీద ఫిర్యాదు వినే కమిటీలో ఎస్సీ, ఎస్టీలు ఉండాలి.

కార్యకర్తలారా, 2005 నాటి సమాచార హక్కు చట్టం మన చేతిలో ఉంది. గత మూడేళ్లలో ఏ హౌస్ సర్జన్లను ఏ ఆరోగ్య కేంద్రానికి పంపారు, ఎన్ని రోజులున్నారు, తేదీలతో సహా అడగండి. వచ్చిన జవాబును సంతలో, గ్రామసభలో చదివి వినిపించండి. ఆ కాగితం పట్టుకుని పాడేరు ఐటీడీఏ మెట్లెక్కండి.

మన ఒంటి మీద దిద్దుకున్న అక్షరాల బాకీ నూరేళ్లది. వడ్డీ వద్దు, అసలు కట్టమందాం.