గాలి లేని మంచులో వల

పొగమంచు నుంచి నీటిని సేకరించే పద్ధతిని బడిపిల్లలకు బోధించేటప్పుడు ఉదాహరణగా తరచు వచ్చేది చిలీ దేశపు చుంగుంగో. ఎడారి అంచున ఉన్న ఆ మత్స్యకార గ్రామానికి, ఎల్ తోఫో కొండపై నిలిపిన వలల నుంచి 1992లో గొట్టాల ద్వారా తాగునీరు చేరింది. చదరపు మీటరు వలకు రోజుకు సగటున సుమారు 3 లీటర్లు లభించాయి. సంగారెడ్డి జిల్లా నారాయణఖేడ్ ప్రాంతంలోని కల్హేర్‌లో ఇదే పాఠాన్ని ఉన్నదున్నట్టు చెబితే, అది పిల్లలకు ఆశ చూపుతుందే తప్ప శాస్త్రం నేర్పదు.

కారణం పొగమంచు పుట్టుకలోనే ఉంది. చిలీ కొండలపై కనిపించేది పసిఫిక్ సముద్రపు మేఘం. గాలి దానిని కొండ మీదికి తోస్తుండగా అందులోని సూక్ష్మ బిందువులు వల దారాలకు తగిలి, ఒకదానితో ఒకటి కలిసి బరువెక్కి, కింది కాలువలోకి జారతాయి. కల్హేర్ ఉన్న మంజీరా నది పరీవాహక ప్రాంతంలో చలికాలపు తెల్లవారుజామున కమ్మేది ప్రధానంగా వికిరణ పొగమంచు, అంటే మబ్బులేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి వదిలి చల్లబడినప్పుడు, దానినంటిన గాలిలోని ఆవిరి బిందువులుగా మారడం వల్ల ఏర్పడేది. ఇది ఏర్పడాలంటే గాలి దాదాపు స్తంభించాలి. వలలోకి నీరు రావాలంటే గాలి వీచాలి. ఘనపు మీటరు పొగమంచులోని నీరు సాధారణంగా అర గ్రాముకు మించదు కనుక, గాలి మోసుకురాని చోట వలకు దక్కేది అత్యల్పం, ఎండ ఎక్కితే అదీ ఉండదు.

అంతమాత్రాన వలను బడి నుంచి తొలగించనక్కర లేదు, ఎందుకంటే అది కొలత నేర్పే గొప్ప పనిముట్టు. ఒక చదరపు మీటరు చట్రానికి రెండు పొరల షేడ్‌నెట్ బిగించి, నేలకు 2 మీటర్ల ఎత్తున నిలిపి, కింద డబ్బా ఉంచితే, పరిశోధకులు వాడే ప్రామాణిక నమూనాకు దగ్గరి పరికరం తయారవుతుంది. పక్కనే అంతే వైశాల్యం గల రేకును వాలుగా పెడితే, దానిపై 20 మిల్లీమీటర్ల వాన పడినప్పుడు దాదాపు 20 లీటర్లు జారుతాయి. ఏ నీటి కోసం శ్రమించాలో విద్యార్థి తన అంకెలతోనే తేల్చుకుంటాడు. సుస్థిరత అన్న మాటకు అర్థమూ ఇక్కడే తెలియాలి: చుంగుంగో వలలు పదేళ్లు పనిచేసి, నిర్వహణ కొరవడి పాడైపోగా, ఆ ఊరు మళ్లీ ట్యాంకర్లపై ఆధారపడింది.

సంగారెడ్డి జిల్లాలోనే ఉన్న జహీరాబాద్ ప్రాంతంలో, డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళా రైతులు, వానా పారకమూ లేకుండా నేలలో మిగిలిన తేమతోను చలికాలపు మంచుతోను పండే శనగ, కుసుమ వంటి పైర్లను సత్యం పంటలు అంటారు. ఆకుపై పడిన మంచు, ఉదయం కొంతసేపు మొక్కలోని తేమ ఆవిరైపోకుండా ఆపుతుంది. వల లేకుండానే మంచును వినియోగించుకున్న ఈ జ్ఞానం పాఠ్యాంశంలో చిలీ కంటే ముందు రావలసినది. ఆ మహిళలను తరగతికి పిలిచి, ఏ పైరుకు ఏ నెల మంచు అక్కరకొస్తుందో అడిగి, వల కొలతలు రాసిన పుస్తకంలోనే పిల్లల చేత రాయించాలి.