పెట్టెలో పిల్లి, గోడమీద మనం

ఈ సంచికకు ఏదైనా వ్రాయమని సంఘంవారు అడిగితే, "మా ఇంటి పిల్లి గురించి వ్రాయనా?" అన్నాను. అందరూ నవ్వారు. పిల్లి ఎదురొస్తే ప్రయాణం మానుకునే జాతి మనది, పండుగ సంచికలో దాన్ని ఎదురు పంపిస్తారా అని ఒక మిత్రుడు చమత్కరించాడు. అయినా వ్రాస్తున్నాను. 2025 మే నెల మొదటి పదిరోజుల్లో మా ఇంట్లో జరిగింది చెబితే, మీలో చాలామంది ఇళ్ళలోనూ అదే జరిగిందని తెలుస్తుందేమో. పిల్లి ఉన్నా లేకపోయినా.

మేము ఫ్రాంక్‌ఫర్ట్ పక్కనే ఓఫెన్‌బాఖ్‌లో ఉంటాం. కింది వాటా, వెనకాల చిన్న పెరడు. 2024 చివర్లో మా మేడమీది ఆవిడ వృద్ధాశ్రమానికి వెళ్తూ తన పిల్లిని మాకు అప్పగించింది. దాని పేరు మింకా. పిల్లలిద్దరూ ఎగిరి గంతేశారు. ఇంకా వయసు వస్తున్న పిల్ల, త్వరగా ఆపరేషన్ చేయించండి అని ఆవిడ మరీ మరీ చెప్పింది. మేము మూడుసార్లు డాక్టరు దగ్గర రోజు తీసుకుని మూడుసార్లూ వాయిదా వేశాం. ఒకసారి ఆఫీసు పని, ఒకసారి జలుబు, ఒకసారి సంక్రాంతి నాటకం రిహార్సలు! మార్చి 5న పెరటి తలుపు తెరిచి ఉంటే అది బయటికి వెళ్ళి మర్నాడు పొద్దున్న తిరిగొచ్చింది. నెల తిరిగేసరికి పశువుల డాక్టరు దాని పొట్ట తడిమి, నవ్వి, "శుభాకాంక్షలు" అన్నాడు. తప్పు పూర్తిగా మాదే.

అప్పటికి తెనాలి నుంచి మా అమ్మ వచ్చి ఉంది, తొంభైరోజుల వీసా మీద. పిల్లిని ఇంట్లో చూడగానే ముఖం చిట్లించింది కానీ, కడుపుతో ఉందని తెలిశాక ఆమె లెక్క మారిపోయింది. "ఒరేయ్, కడుపుతో ఉన్నదాన్ని ఏమీ అనకూడదు" అని మింకాను మీనాక్షిని చేసింది. గిన్నెలో పాలు పోసి పెట్టింది. పెద్ద పిల్లులకు పాలు అరగవని మా అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు. పిల్లి వాసన చూసి వెళ్ళిపోయింది. "ఇదేమిటే, మా తెనాలి రామకృష్ణుడి పిల్లిలా ఉంది!" అంది అమ్మ.

పిల్లి తొమ్మిది వారాలు మోస్తుంది. అంటే మే రెండోవారంలోపు. మా పదమూడేళ్ళ అమ్మాయి క్యాలెండరులో రోజులు కొట్టేస్తూ వచ్చింది. మా ఆవిడ వంటింటి త్రాసు శుభ్రం చేసి, పుట్టే పిల్లల్ని తూచడానికి సిద్ధం చేసింది. ఎనిమిదేళ్ళ మావాడికి అన్నిటికన్నా కష్టమైన పని అప్పగించాం: చప్పుడు చేయకుండా ఉండటం. నా వంతు అట్టపెట్టె. దానికి గుమ్మం కోసి, లోపల పాత వార్తాపత్రికలు పరవడం. అమ్మ పర్యవేక్షణ. ఎవరి పని వారికి ఉంది కనుక, ఆ రోజుల్లో పిల్లి విషయంలో ఇంట్లో ఎవరికీ కంగారు లేదు.

కంగారంతా టీవీ దగ్గర. ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. అందులో విశాఖపట్నం వారూ, కావలి వారూ ఉన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు దేశాల వార్తలు ఏకకాలంలో నడిచేవి. గోడకు ఉన్న టీవీలో జర్మను, చేతిలో ఉన్న ఫోనులో తెలుగు. అన్నం తినేటప్పుడు కూడా. మే 6 మంగళవారం ఇక్కడ బుండెస్టాగ్‌లో ఛాన్సలర్ ఎన్నిక. ఫ్రీడ్రిఖ్ మెర్త్స్‌కు 316 ఓట్లు కావాలి, మొదటి విడతలో 310 వచ్చాయి. యుద్ధానంతర జర్మనీలో ఛాన్సలర్ అభ్యర్థి మొదటి విడతలో ఓడటం అదే మొదటిసారి. సాయంత్రానికి రెండో విడతలో 325తో గెలిచాడు. ఆఫీసులో, ఇంట్లో, ఫోనులో రోజంతా నేను దాని మీద ఉపన్యాసాలు. వలసలవాళ్ళ మీద చట్టాలు ఎలా మారతాయో, మన వీసాలేమవుతాయో! చివరికి ఎప్పుడూ చెప్పే మాటే చెప్పి ముగించాను: "మనం ఎంత మాట్లాడుకుని ఏం లాభం? పన్నులు కట్టడానికే గానీ, మనకు ఈ దేశంలో ఓటా పాడా!"

అప్పుడు మా అమ్మాయి పాత కాగితాల డబ్బా ముందు కూర్చుని పెట్టెలో పరవడానికి కాగితాలు ఏరుతోంది. ఒక కవరు పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నగరపాలక సంస్థ నుంచి 2021లో వచ్చింది. అంటించినది అంటించినట్టే ఉంది. "నాన్నా, ఇది ఓటు కాగితం. నీ పేరే ఉంది. ఎందుకు విప్పలేదు?"

విషయమేమిటంటే, మా హెస్సెన్ రాష్ట్రంలో విదేశీయుల సలహామండలి అని ఒకటుంది. ఆవుస్‌లెండర్‌బైరాట్ అంటారు. ఐదేళ్ళకొకసారి ఎన్నిక. జర్మను పాస్‌పోర్టు లేనివాళ్ళే దానికి ఓటర్లు. 2021 మార్చి 14న స్థానిక ఎన్నికలతో పాటే అదీ జరిగింది. ఆ మండలికి పెద్ద అధికారాలు లేవు, నిజమే. కానీ మనకు సంబంధించిన విషయాల మీద ఊరి పాలకమండలికి సలహా చెప్పే హక్కు ఉంది. ఓటు వేయడానికి వెళ్ళేవాళ్ళు చాలా తక్కువ. నేను వెళ్ళకపోవడం సరే, కవరు కూడా విప్పలేదు. 2012 నుంచి ఈ దేశంలో ఉంటూ, "మనకు ఓటు లేదు" అని పదేళ్ళకు పైగా అంటూనే ఉన్నాను.

ఆ పిల్లకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. "అప్పుడు కరోనా కదమ్మా" అన్నాను. "కవరు విప్పడానికి కూడానా?" అంది. అమ్మకు జర్మను రాకపోయినా సంగతి అర్థమైంది. నవ్వాపుకుంటూ లోపలికి వెళ్ళింది.

ఆ రాత్రి తొమ్మిదిన్నర దాటాక ఫోన్లు మోగడం మొదలయింది. భారతదేశంలో అప్పటికి మే 7 వచ్చేసింది. ఆపరేషన్ సిందూర్. తొమ్మిది చోట్ల దాడులు. ఇక ఆ మూడురోజులూ ఇంట్లో ఎవరూ సరిగా నిద్రపోలేదు. ఏ చానల్ పెట్టినా సైరన్లే. మే 8 రాత్రి కరాచీ రేవు నాశనమయిందని కొన్ని చానళ్ళు చెప్పాయి. మన వాట్సాప్ గుంపుల్లో అది క్షణాల మీద తిరిగింది. నేనూ ఇద్దరికి పంపాను. అది నిజం కాదని తరువాత తెలిసింది. నేను పంపినవాళ్ళకు "అది అబద్ధం" అని మళ్ళీ పంపానా అంటే, లేదు. ఇక్కడ ఒప్పుకుంటున్నాను.

ఆ మే 8 ఐరోపాలో యుద్ధం ముగిసి 80 ఏళ్ళు నిండిన రోజు. బెర్లిన్‌లో ఆ ఒక్క ఏడాదికి సెలవు కూడా ఇచ్చారు. సాయంత్రం ఆరు దాటాక రోములో తెల్లపొగ వచ్చింది, కొత్త పోపు ఎన్నికయ్యాడు. మా ఎదురింటి ముసలావిడకు ఎనభై ఏడేళ్ళు. మా మీనాక్షికి మెత్తటి పాత తువ్వాళ్ళు ఇవ్వడానికి వచ్చి, మా టీవీ ముందు కాసేపు కూర్చుంది. భారతదేశం బొమ్మలు చూసి మా అమ్మ చెయ్యి పట్టుకుంది. తనకు ఏడేళ్ళప్పుడు బాంబులకు భయపడి నేలమాళిగలో దాక్కున్నామని, బయట ఏం జరుగుతోందో తెలియకపోవడమే అన్నిటికన్నా భయమని చెప్పింది. నేను తెలుగులో చెప్పాను. అమ్మ అంది, "మనకు అన్నీ తెలుస్తున్నాయిరా, అయినా భయమే కదా?" ఆ మాట నేను జర్మనులో చెబితే ముసలావిడ చాలాసేపు తల ఊపింది.

ఆ అర్ధరాత్రి దాటాక మీనాక్షి పిల్లలు పెట్టింది. నలుగురు. మూడు బాగున్నాయి. నాలుగోది కదల్లేదు. అమ్మ తువ్వాలుతో దాన్ని చాలాసేపు రుద్దింది. లాభం లేకపోయింది. టీవీ ఆపేసి ఉంది. ఫోన్లు ఎక్కడున్నాయో కూడా ఎవరికీ గుర్తులేదు. ఇరవై రోజుల్లో మా నలుగురమూ అమ్మా ఒకేచోట, ఒకే విషయం చూస్తూ కూర్చున్నది ఆ రాత్రే.

తెల్లవారాక ఎదురింటావిడ తన తోటలో ఒక మూల చోటు చూపించింది. మావాడే గుంట తవ్వాడు. ఇంటికొచ్చి ఫోను తీస్తే వార్త. శ్రీ సత్యసాయి జిల్లా గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన మురళీ నాయక్ అనే సైనికుడు నియంత్రణరేఖ దగ్గర మరణించాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా పిల్లి పెట్టె దగ్గర కూర్చుంది. రెంటినీ ఒకటి చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. ఆ తల్లి దుఃఖం ఆ తల్లిదే. అంతవరకు మేము రాత్రింబవళ్ళు క్రికెట్ స్కోరులా చూసిన వార్తల్లో ఒక తల్లి ఉందని ఆ పొద్దున్న తెలిసింది, అంతే. మర్నాడు, మే 10న, కాల్పులు ఆగాయి.

ఇప్పుడు నా అభిప్రాయం చెబుతాను.

మనం రెండు దేశాల వార్తలు మోస్తున్నాం. రెంటిలోనూ మనకు పనిలేదు అనుకుంటున్నాం. పని లేకుండా ఎదురుచూడటం మనిషిని తినేస్తుంది. పిల్లి కోసం ఎదురుచూసినప్పుడు మాకు ఆ బాధ లేదు, ఎందుకంటే తలా ఒక పని ఉంది. వార్తల విషయంలో కూడా తలా ఒక పని పెట్టుకోవచ్చునని నా మనవి.

మన పెద్దలు భక్తిలో మర్కటకిశోర న్యాయం, మార్జాలకిశోర న్యాయం అని రెండు చెప్పారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకుంటుంది. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే మెడ కరిచి తీసుకుపోతుంది. భగవంతుడి దగ్గర పిల్లికూనలా ఉంటే చెల్లుతుందేమో గానీ, ప్రభుత్వం దగ్గర చెల్లదు. మనం మాత్రం ఉద్యోగం ఇచ్చిన దేశమే మెడ పట్టుకుని జాగ్రత్తగా తీసుకుపోతుందని పదేళ్ళూ ఇరవయ్యేళ్ళూ కూర్చుంటున్నాం. మనం వచ్చాక ఎన్ని ఇళ్ళు మారామో అమ్మ లెక్కపెట్టింది. ఐదు. "పిల్లి పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు, నీకింకా రెండున్నాయి" అంది. ఐదిళ్ళు తిరిగినా ఏ ఊరి విషయమూ మనది కాదనుకుంటే, అది ఊరి తప్పు కాదు.

పౌరసత్వం తీసుకోండి అని నేను ఎవరికీ చెప్పను. 2024 జూన్ 27న అమలులోకి వచ్చిన చట్టంతో జర్మనీ ఎనిమిదేళ్ళ నివాసాన్ని ఐదేళ్ళకు తగ్గించింది, పాత పౌరసత్వం వదులుకోవాలన్న నియమమూ తీసేసింది. కానీ మన 1955 చట్టం ప్రకారం ఇంకో దేశపు పౌరులమైతే భారత పౌరసత్వం పోతుంది, చేతిలో ఓసీఐ కార్డు మిగులుతుంది. అది చిన్న విషయం కాదు. మా ఇంట్లోనూ ఆ ఫారాలు సగం నింపి ఉన్నాయి. నిర్ణయం ఎటైనా కావచ్చు. ఆ నిర్ణయం అయ్యేదాకా ఏ పనీ లేదనుకోవడమే తప్పు. బళ్ళో తల్లిదండ్రుల కమిటీకి ఏ పాస్‌పోర్టు ఉన్నా నిలబడవచ్చు. ఊరి స్వచ్ఛంద అగ్నిమాపక దళంలో చేరవచ్చు. జంతు సంరక్షణాలయంలో శనివారాలు పని చేయవచ్చు. నిజమో కాదో తెలియని వార్తను ముందుకు పంపకుండా ఆపవచ్చు. దానికి ఏ దేశపు పౌరసత్వమూ అక్కర్లేదు. 1989 నవంబరు 9న ఈ దేశంలో గోడ తెరుచుకున్నదీ, నెలల తరబడి మామూలు జనం వీధుల్లోకి వచ్చి నడిచాకే. గోడమీద పిల్లిలా కూర్చున్నవాళ్ళ వల్ల మాత్రం కాదు.

ఇంకొక్క మాట, పిల్లుల గురించే. ముద్దుగా ఉన్నాయని పండుగ కానుకగా పిల్లికూనలను కొనకండి. ఇక్కడి రాజ్యాంగంలోనే 2002 నుంచి జంతు సంరక్షణ ఉంది. బయట తిరిగే పిల్లులకు ఆపరేషన్ తప్పనిసరి అని పాడర్‌బోర్న్ నగరం 2008లో నియమం పెట్టింది, తరువాత వందలాది ఊళ్ళు ఆ దారి పట్టాయి. ఆర్నెల్లయినా నిండకుండా పిల్లి కడుపుతో ఉండగలదు. నాలా వాయిదా వేయకండి.

అమ్మ జూన్ మొదటివారంలో వెళ్ళిపోయింది. పన్నెండు వారాలు నిండేదాకా కూనలను తల్లి నుంచి విడదీయకూడదు కనుక, అవి వెళ్ళేది ఆమె చూడలేదు. రెండు మంచి ఇళ్ళకు వెళ్ళాయి, ఒకటి మా దగ్గరే ఉంది. మీనాక్షికి ఆపరేషన్ అయింది. ఈసారి వాయిదా వేయలేదు. ఇంట్లో వార్తలు ఇప్పుడు రాత్రి భోజనం అయ్యాక ఒక అరగంట. ఆ పాత కవరును మా అమ్మాయి ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో పెట్టింది. తీసేద్దామంటే ఒప్పుకోవడం లేదు.

మీ ఇంట్లో కూడా విప్పని కవరు ఒకటి ఉండే ఉంటుంది. పండుగకు ఇల్లు సర్దేటప్పుడు ఒకసారి చూడండి.

అందరికీ పండుగ శుభాకాంక్షలు.