శిఖంలో గుడారం

విహారయాత్ర వద్దనే వారిలో నేను లేను. కాని వానకాలంలో చెరువు ఒడ్డున రాత్రి బస చేయదలచిన విద్యార్థులకూ, అనుమతి నిచ్చే కమిటీ పెద్దలకూ ఒక మాట మనవి చేయవలసి ఉన్నది.

కొన్నేళ్ల క్రితం ఆగస్టు మాసంలో మేము నలుగురు మిత్రులం జీపులో ములుగు మీదుగా లక్నవరం చేరుకున్నాము. కొండల నడుమ ఇరుకు సందులకు మాత్రమే కట్టలు వేసి కాకతీయులు నిర్మించిన సరస్సు అది. నీరు నిండుగా ఉన్నది. ఆకాశం నిర్మలంగా ఉన్నది. నీటి అంచున పచ్చికతో చదునైన నేల కనిపించగా అక్కడే గుడారం విప్పాము. మేకలు తోలుకొనిపోతున్న ఒక వృద్ధుడు ఆగి, "గది శిఖం సారూ, చెర్వు జాగ. రాత్రికి దానికి గావాల్నంటె మిమ్ముల అడుగది" అన్నాడు. మాలో ఇద్దరం ఎమ్.ఏ.లం, నవ్వుకున్నాము. అయినా పెద్దవాని మాట తీసివేయలేక గుడారాన్ని మిట్టకు మార్చాము. మోసిన మిత్రుడు అర్ధరాత్రి వరకు సణుగుతూనే ఉన్నాడు.

తెల్లవారి చూస్తే మేము మొదట పేర్చిన పొయ్యిరాళ్లు నీటిలో ఉన్నవి. అక్కడ చినుకైనా పడలేదు. ఎగువ అడవిలో కురిసిన వాన వాగుల వెంట రాత్రంతా దిగివచ్చినది. వచ్చినంత నీటిని మత్తడి అప్పటికప్పుడే వదలలేదు గదా! లేచినది జానెడే, కాని చదునైన శిఖంలో జానెడు నీరు ముప్పది గజాలు ముందుకు నడుస్తుంది. (హైదరాబాదులో శిఖం భూములలో కాలనీలే వెలిసినవి. 2020 అక్టోబరులో నీరు వారినీ అడుగలేదు.)

ఇదే ములుగు జిల్లాలో 2023 జూలై 26న ముత్యాలధార జలపాతం చూడబోయిన పర్యాటకులు, సుమారు 80 మంది, తిరుగుదారిలో వాగు పొంగగా అడవిలో చిక్కుకొనిపోయారు. విపత్తు దళం వెళ్లి వారిని కాపాడినది. మరునాటి ఉదయానికి లక్ష్మీదేవిపేటలో 24 గంటల వర్షపాతం 649.8 మిల్లీమీటర్లుగా నమోదైనది. కొండాయి గ్రామస్థులకు ఆ అదృష్టం లేకపోయినది. జంపన్నవాగు అక్కడ ప్రాణాలనే తీసుకున్నది.

ఇట్టి వార్తలు రాగానే యాత్రలు రద్దు చేయుడని పెద్దలంటారు. రద్దు చేస్తే కుర్రవాళ్లు ఇంట చెప్పకుండా మోటారుసైకిళ్ల మీద పోతారు; అది మరీ ప్రమాదం. అంతకంటె, మత్తడి పోస్తున్నదో లేదో బయలుదేరే నాడే స్థానికులను విచారించడం మేలు. పొదలకు చిక్కిన గడ్డీ పుల్లలూ కిందటి వరద ఎంత ఎత్తుకు వచ్చినదో చెబుతవి. గుడారం అంతకు పైన వేయాలి. బసకూ రోడ్డుకూ నడుమ వాగు ఉన్నచో, అది ఎండి ఉన్నా సరే, ఆ చోటు విడిచిపెట్టాలి.

మన యాత్రా దరఖాస్తులో తండ్రి సంతకానికీ, చెల్లించిన రుసుముకూ గడులున్నవి. రాత్రి బస ఎక్కడ, అది శిఖానికి బయటనా లోపలనా అని అడిగే గడి ఒకటి ఈ సంవత్సరమే చేర్చవలసినదిగా కమిటీవారిని కోరుతున్నాను.