బీగిల్ ముక్కుకూ పని కావాలి

హైదరాబాద్ అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు బీగిల్ కుక్కలు తరచూ కనిపిస్తున్నాయి. వేలాడే చెవులు, జాలిగొలిపే కళ్లు, పది కిలోలకు అటూ ఇటూగా బరువు. డబుల్ బెడ్‌రూమ్ ఇంట్లో ఇట్టే ఇమిడిపోతుందనిపిస్తుంది. తెచ్చుకున్న కొన్నాళ్లకే ఫిర్యాదులు మొదలు: పిలిస్తే రాదు, చెత్తబుట్ట వదలదు, దాని కూతకు పక్క ఫ్లాటువాళ్లు గొడవకొస్తున్నారు.

ఇందులో కుక్క తప్పేమీ లేదు. ఇంగ్లండ్‌లో కుందేళ్ల వేటకు పెంచిన జాతి ఇది. గుంపుగా పరిగెత్తాలి, వాసన పట్టాక వదలకూడదు, వెనకాల వచ్చే వేటగాడికి వినబడేలా గొంతెత్తాలి. తరతరాలుగా ఏరికోరి నిలిపిన ఈ గుణాలకే మనం మొండితనం, అల్లరి అని పేర్లు పెడుతున్నాం.

అమెరికా ప్రభుత్వం ఆ మొండితనానికే ఉద్యోగమిచ్చింది. 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో మొదలైన బీగిల్ దళం ప్రయాణికుల సామాన్లలో పండ్లు, మాంసం, మొక్కలు పసిగడుతుంది. మీద పడదు, మొరగదు. పెట్టె పక్కన బుద్ధిగా కూర్చుంటుంది. అమెరికాలో ఉన్న కొడుక్కని చీరల మధ్య బంగినపల్లి పండ్లు సర్దుకెళ్లే తల్లికి ఆ కూర్చోవడమే చాలు, గుండె జారిపోవడానికి. పని చేసినందుకు కుక్కకు దక్కేది ఒక తినుబండారం ముక్క. ఈ దళానికి ఎంపికైన కుక్కల్లో చాలా మటుకు జంతు ఆశ్రయాల నుంచి వచ్చినవేనన్నది గమనించాలి.

మన ఇళ్లలో లేనిది ఆ పనే. సెల్‌ఫోన్ చూసుకుంటూ పది నిమిషాలు లాక్కెళ్లి తెచ్చేస్తే బీగిల్‌కు నడక కాదు. రోజుకు గంటైనా తిప్పాలి. ఆగిన ప్రతి గోడ దగ్గరా, చెట్టు దగ్గరా తనివితీరా వాసన చూడనివ్వాలి. బెల్టు మాత్రం వదలకూడదు. వాసన వెంట పడితే దానికి లారీ కూడా కనబడదు. వానరోజుల్లో పాత తువ్వాలు మడతల్లో ఉడికించిన చికెన్ ముక్కలు దాచి వెతకమంటే సరి.

తిండిదింకో తంటా. ఎంత పెట్టినా ఇంకా కావాలనే చూస్తుంది, త్వరగా ఒళ్లు చేస్తుంది. పక్కటెముకలు చేతికి తగలడం లేదంటే కొలత తగ్గించాల్సిందే. మిగిలిన బిర్యానీ అసలు వద్దు, ఉల్లిపాయ కుక్కలకు విషం. చెవుల్లోకి గాలి ఆడదు కాబట్టి వారానికోసారి ఎత్తి చూడాలి. చెడు వాసనొచ్చినా, లోపల ఎర్రబడినా డాక్టరుకు చూపించాలి.

పొద్దున తాళం వేసి రాత్రికి తిరిగొచ్చే కుటుంబాలు బీగిల్ జోలికి పోకపోవడమే మంచిది. అమ్మేవాళ్లు కూడా ధర చెప్పేముందు ఇంట్లో పగలు ఎవరుంటారని అడగాలి.